జ్వరం తగ్గిన తర్వాత

సుబ్బరాయుడికి జ్వరం వచ్చిందని తెలిసినప్పుడు యశోద ముందు నవ్వింది. ఆ నవ్వును తలుచుకుని తర్వాత చాలాసార్లు కుమిలిపోయింది గానీ, ఆ పూట నవ్వడానికి కారణం ఉంది.

అది 2006, జూలై నెల. ఆ ఏడు పెనుకొండలో కీళ్ల జ్వరం తొక్కని గడప లేదు. పొద్దున బాగున్న మనిషి సాయంత్రానికి ఒళ్లు కాలిపోయి పడిపోయేవాడు. మోకాళ్లు, మణికట్లు వాచి, గ్లాసు పట్టుకుందామన్నా వేళ్లు వంగేవి కావు. పేపర్లు చికున్‌గున్యా అని రాశాయి. జనం మాత్రం కీళ్ల జ్వరమనే అన్నారు. యశోద ఇంట్లో ముందు అత్త కొండమ్మ పడింది, తర్వాత పదో తరగతి చదివే కూతురు శ్రావ్య, ఆ తర్వాత యశోద. ముగ్గురికీ గంజి కాచి పోసినవాడు సుబ్బరాయుడే. "నాకి జ్వరం రావల్లంటే అది ముందు అర్జీ పెట్టుకోవల్ల" అని వీధంతా వినేటట్టు అనేవాడు.

ఆ మాటలో గొప్పలెంతో నిజమూ అంతే ఉంది. నలభై ఒక్క ఏళ్ల మనిషి, చేతిపంపుల మెకానిక్కు. మండలంలో ఏ పల్లెలో బోరింగు మొరాయించినా మోపెడ్ వెనక పైపు రెంచీలు, వాషర్ల సంచీ కట్టుకుని పోయేవాడు. నూటయాభై అడుగుల లోతు నుంచి ఇనుప పైపులు ఒక్కొక్కటే పైకి లాగాలంటే ముగ్గురు మనుషులు కావాలి. ఆయన ఒక్కణ్ణి తోడు తెచ్చుకుని లాగేవాడు. పెళ్లైన పదహారేళ్లలో ఆయన ఒక పూట ముసుగుతన్ని పడుకోవడం యశోద చూడలేదు.

యశోదది లేపాక్షి పక్క పల్లె. హిందూపురంలో పదో తరగతి వరకు చదివింది. పెళ్లై పెనుకొండకు వచ్చిన నాలుగేళ్లకు అంగన్‌వాడీ టీచరు పని దొరికింది. పిల్లలకు టీకాలు వేసే రోజున నర్సు సూది వేస్తుంటే, ఏడ్చే బిడ్డను, అంతకంటే ఎక్కువ భయపడే తల్లిని ఓదార్చే పని యశోదది. "సూది ఏసిన చోట ఎర్రగా ఉబ్బుతాది. ముట్టుకుంటే వేడిగా ఉంటాది. రొంత జ్వరం గూడా వస్తాది. భయపడద్దండమ్మా, మందు పనిచేస్తాండాదని గుర్తు" అని పన్నెండేళ్లుగా ఒకే మాట చెబుతూ వచ్చింది. అది నర్సు చెప్పిన మాట. ఎందుకట్లా అని యశోద ఎప్పుడూ అడగలేదు.

జూలై రెండోవారంలో గోరంట్ల వైపు ఒక పల్లెలో పంపు బాగుచేస్తుంటే, పైపును పట్టి ఉన్న క్లాంపు జారింది. పైపు అంచు సుబ్బరాయుడి ఎడమ కాలి పిక్కను గీరుకుంటూ పోయింది. అదే పంపు నీళ్లతో కడుక్కుని, తువ్వాలు చింపి కట్టుకుని, పని ముగించుకునే ఇంటికొచ్చాడు. రెండో రోజు సాయంత్రం వణుకుతూ దుప్పటి అడిగాడు.

"వచ్చిందా నీకు గూడా? అర్జీ పెట్టుకునిందా?" అని యశోద నవ్వి, మాత్ర ఇచ్చింది.

మందులషాపు అతనూ కీళ్ల జ్వరమేనన్నాడు. ఆ రోజుల్లో అందరికీ అదే కాబట్టి ఇంకోటి ఎవరికీ తట్టలేదు. మూడో రోజు పొద్దున ఎడమ కాలు మోకాలి దాకా నిగనిగలాడుతూ ఉబ్బింది. "నాకూ ఇట్లనే వాచింది కదా" అంది కొండమ్మ. యశోద మాత్రం చూస్తూనే ఉంది. కీళ్ల జ్వరంలో రెండు కాళ్లూ వాస్తాయి. కీలు దగ్గర వాస్తుంది. ఇది ఒక్క కాలు, అదీ కండ. మధ్యాహ్నానికి సుబ్బరాయుడు మిద్దె మీద పంపు రాడ్లు తడిసిపోతున్నాయి తీసుకురమ్మన్నాడు. మిద్దె మీద రాడ్లు లేవు, వాన లేదు. కుక్క వగర్చినట్టు ఊపిరి తీస్తున్నాడు. ఒళ్లు నిప్పులా ఉంది, అరచేతులు మాత్రం చల్లగా ఉన్నాయి. పొద్దున్నుంచి ఒంటికి పోలేదని అప్పుడు గుర్తొచ్చింది యశోదకు. పక్కింటివాళ్ల జీపు మాట్లాడి హిందూపురం తీసుకుపోయింది.

హిందూపురంలో ఆ ఆసుపత్రి పెట్టి ఏడాదే అయ్యింది. లోపలి గదిలో నాలుగు మంచాలు, ఊపిరి పోసే మిషను ఒకటి. డాక్టరు ఆనంద్ బెంగుళూరులో చదివి వచ్చిన నలభై ఏళ్ల మనిషి, కన్నడమూ తెలుగూ కలిపి మాట్లాడతాడు. యశోదకు రెండూ వచ్చు కాబట్టి మాటలన్నీ అర్థమయ్యాయి. సంగతే అర్థం కాలేదు.

"పుండులోంచి క్రిమి రక్తంలో కలిసిందమ్మా. బీపీ పడిపోయింది. ఈ సాయంత్రమే కాలి మీద పుండు కోసి కుళ్లు తీసేయాలి" అన్నాడు. తర్వాత ఒక మాట చెప్పాడు. "ఇప్పుడు ఆ క్రిమి చేస్తున్న నష్టం కంటే, దాని మీద ఈయన ఒళ్లు చేస్తున్న ఎదురుదాడి నష్టమే ఎక్కువ. కిడ్నీలు, ఊపిరితిత్తులు దానివల్లే దెబ్బతింటున్నాయి."

"ఆయప్ప ఒళ్లే ఆయప్పని చంపుతాండాదా సార్?"

"అట్లాగే అనుకోండి."

యశోద వరండాలో బెంచీ మీద కూర్చుని ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసింది. బలమైన మనిషి కాబట్టే ఎదురుదాడి గట్టిగా ఉందా? బలహీనుడైతే బాగుండేదా? అడగడానికి డాక్టరు లేడు. కాలు శుభ్రం చేయడానికి లోపలికి పోయాడు.

మొదటి ఐదు రోజులు నూటనాలుగు దిగని జ్వరం. గొంతులో గొట్టం, ముక్కులో గొట్టం, మెడలో సూది. ధర్మవరం నుంచి మరిది వేణు రైల్లో వచ్చాడు. పట్టుచీరల డిజైన్లకు మగ్గం అట్టల మీద చిల్లులు కొట్టే పని అతనిది, లెక్క తప్పితే పువ్వు వంకరపోయే పని. ఏ విషయమైనా ఒకటికి రెండుసార్లు అడిగి తేల్చుకునే స్వభావం. "దుడ్ల సంగతి నాకి వదిలిపెట్టు వదినా, నువ్వు అన్న దగ్గర ఉండు" అన్నాడు. ఆసుపత్రి ఖర్చు విషయం మళ్లీ ఎత్తనివ్వలేదు.

ఆరో రోజు జ్వరం తగ్గింది. ఏడో రోజు బీపీ మందు ఆపారు. ఎనిమిదో రోజు గొంతులో గొట్టం తీసేశారు. సుబ్బరాయుడు కళ్లు తెరిచి, యశోదను చూసి, మళ్లీ మూసుకున్నాడు. కొండమ్మ వరండాలో ఉన్నవాళ్లందరికీ బొరుగులు, చక్కెర పంచింది. పరామర్శకు వచ్చిన చుట్టాలు మొహాలు తేటగా పెట్టుకుని తిరిగిపోయారు.

డాక్టరు మొహం మాత్రం తేటపడలేదు. పొద్దునా సాయంత్రమూ జ్వరం చార్టు చూస్తాడు, నుదురు రుద్దుకుంటాడు. తొంభై ఆరున్నర. తొంభై ఆరు. మళ్లీ తొంభై ఆరున్నర.

పదో రోజున యశోద అడిగేసింది. "జ్వరం తగ్గింది కదా సార్. ఇంగ మీకేం దిగులు?"

"తగ్గిందనే దిగులమ్మా" అన్నాడు ఆయన.

యశోద సరిగ్గా వినలేదేమోననుకుని మళ్లీ అడిగింది. ఆనంద్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"జ్వరం జబ్బు కాదు. జబ్బు వచ్చిందని ఒళ్లు వేసే కేక. మొదటి వారం ఈయన ఒళ్లు తన దగ్గరున్న బలమంతా ఒక్కసారిగా తీసి చల్లేసింది. ఇప్పుడు కేక వేయడం మానేసింది. జబ్బు పోయి మానేసిందా, గొంతు పోయి మానేసిందా అన్నది నాకు తెలియాలి. పెదవుల మీద పొక్కులు చూశారా? నాలుక మీద తెల్లగా పేరుకుంది చూశారా? ఇవి మామూలు మనిషిని ఏమీ చేయలేని క్రిములు. మనలో చాలామంది ఒంట్లో ఎప్పుడూ ఉండేవే. రక్తంలో క్రిములను గుర్తుపట్టి పోరాడే కణాలు ఒక రకం ఉంటాయి. అవి వెయ్యికి పైన ఉండాలి. ఈయనకు మూడు వందలున్నాయి."

"మొన్ననేమో ఒళ్లు ఎక్కువ కొట్లాడుతాండాది అంటిరి. ఇప్పుడేమో కొట్లాడలేదు అంటాండారు."

"రెండూ నిజమే."

"రెండూ ఎట్ల నిజమైతాయి సార్?"

డాక్టరు చార్టు పక్కన పెట్టాడు. తర్వాత, ఇంట్లో ఎవరికైనా ఎప్పుడైనా టీబీ వచ్చిందా అని అడిగాడు. వచ్చింది. 2001లో యశోద మామకు వచ్చింది. అప్పుడు ఒక డాక్టరు ఇంట్లో అందరికీ మోచేతి కింద చర్మంలో చిన్న సూది వేసి, మూడో రోజు చూశాడు. సుబ్బరాయుడి చేతి మీద ఐదు రూపాయల బిళ్లంత ఎర్రటి గట్టి బొబ్బ లేచింది. ఎక్స్‌రే తీసి, జబ్బు లేదు, ఒళ్లు ఆ క్రిమిని ఎప్పుడో చూసి గుర్తుపెట్టుకుందంతే అని పంపించాడు.

"అదే సూది మళ్లీ వేస్తాను. ఒంటికి గుర్తుపట్టే శక్తి ఉందో లేదో చూడడానికి ఇప్పుడు ఇది ఎవరూ వేయడం లేదు. మా గురువుగారు వేసేవారు" అన్నాడు ఆనంద్.

మూడో రోజు ఆయనా నర్సు చౌడేశ్వరీ కలిసి చెయ్యి వెలుతురులో పెట్టి చూశారు. బొబ్బ లేదు. ఎరుపు లేదు. సూది ఎక్కడ వేశారో కూడా కనబడలేదు. యశోద చేతులు జోడించింది. "టీబీ లేదు కదా సార్, మంచిదే కదా!"

"ఉంటే బాగుండేది" అన్నాడు డాక్టరు. వెంటనే సర్దుకుని, "బొబ్బ ఉంటే బాగుండేదమ్మా. ఐదేళ్ల కిందట గుర్తుపట్టిన దాన్ని ఒళ్లు ఈ రోజు గుర్తుపట్టలేదు" అన్నాడు.

వరండాలోకి వచ్చి యశోద ఈ సంగతి వేణుకు చెప్పబోయింది. చెబుతుంటే తనకే అది పిచ్చిమాటలా వినిపించింది. జ్వరం లేకపోవడం చెడ్డది. టీబీ సూదికి బొబ్బ రాకపోవడం చెడ్డది. మొన్న ఒళ్లు చేసిన తప్పును ఈ రోజు ఒళ్లు చేయకపోవడం చెడ్డది. వేణు రెండుసార్లు అడిగాడు, మూడోసారి అడగలేదు.

"వదినా, నాకొకటే తెలుస్తాండాది" అన్నాడు. "అన్న కళ్లు తెరిచినాడు. గంజి తాగినాడు. జ్వరం లేదు. అయినా వీళ్లు ఇడిసిపెట్టలేదు. ఏంటికని అడిగితే డాక్టరుకే తెలీదంట. రేపు వ్యాను పిలుస్తా. ఇంటికి పిల్చుకుపోదాం."

కొండమ్మ అదే మాట. కొడుకు మంచం దగ్గరికి తనను రానివ్వడం లేదని ఆమెకు అప్పటికే కడుపులో మంటగా ఉంది. చేతులు మందు నీళ్లతో కడుక్కుని, ఒక్కరే, అదీ ఒక్క నిమిషమే అని డాక్టరు కట్టడి పెట్టాడు. ముందురోజు కొండమ్మ కొంగున విభూతి కట్టుకుని వస్తే, గుమ్మంలో అడ్డంగా నిలబడింది చౌడేశ్వరి కాదు, యశోద. "వద్దత్తా, ఆయప్పకి ఇప్పుడు మట్టి గూడా పడదంట" అంది. "నేను కన్న కొడుకుని ముట్టుకుంటే చస్తాడంటనా?" అని కొండమ్మ వెనక్కి తిరిగింది. అప్పటినుంచి కోడలితో మాట్లాడలేదు.

మర్నాడు పదకొండు గంటలకు వ్యాను వచ్చి గేటు ముందు నిలబడింది. మా ఇష్టంతోనే తీసుకుపోతున్నాం, ఏం జరిగినా బాధ్యత మాదే అని ఒక కాగితం. అందులో భార్య సంతకం కావాలి. డాక్టరు బతిమాలలేదు. "నేను వద్దంటున్నాను. మీ ఇష్టం" అని మాత్రం అన్నాడు. సంతకం పెట్టే ముందు మనిషిని ఒకసారి చూసి వస్తానని యశోద లోపలికి పోయింది.

సుబ్బరాయుడు కళ్లు మూసుకుని ఉన్నాడు. కుడి చేతికి సెలైన్ సూది గుచ్చి మూడు రోజులైంది. పట్టీ అంచున తడిగా కనిపిస్తే, చౌడేశ్వరిని పిలిచి విప్పమంది. పట్టీ కింద చీము ఉంది. నొక్కితే ఇంకా వచ్చింది. యశోద వేలు పెట్టి చూసింది. చల్లగా ఉంది. చుట్టూ ఎరుపు లేదు, వాపు లేదు. పాలిపోయిన చర్మం, మధ్యలో చీము. మనిషి "అబ్బా" అని కూడా అనలేదు.

పన్నెండేళ్లలో వందల బిడ్డల చేతులు, తొడలు తడిమి చూసిన వేళ్లు అవి. ఏమీ లేని సూదికే ఎర్రబడి, సలసలా కాగిన బిడ్డల ఒళ్లు ఆ వేళ్లకు తెలుసు. చీముపట్టి కూడా చల్లగా ఉన్న ఒళ్లును ఎప్పుడూ ముట్టలేదు. డాక్టరు చెప్పింది ఆమెకు అప్పటికీ అర్థం కాలేదు. ఏదో ఉండవలసింది లేదని మాత్రం వేలికి తెలిసింది.

బయటికొచ్చి, "వ్యాను పంపించెయ్ వేణూ" అంది.

"ఏంటికి వదినా?"

"ఏంటికో నాకి చెప్పేదానికి రాదు. చీము పట్టినా వేడి లేదు. ఈ మాదిరి మనిషిని ఇంట్లో పెట్టుకుని నేనేం చేయల్ల?"

వేణు మొహం తిప్పుకున్నాడు. వ్యాను వెళ్లిపోయింది.

ఇంతవరకు చెప్పి ఆపితే యశోద తెలివైన పని చేసిందని అనిపిస్తుంది. జరిగింది అలా లేదు. నాలుగో రోజుకే సుబ్బరాయుడు మళ్లీ ఆయాసపడ్డాడు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది, అప్పుడు కూడా జ్వరం లేదు. గొంతులోకి గొట్టం మళ్లీ పోయింది. కఫం పరీక్ష చేస్తే, ఆసుపత్రుల్లో తడి చోట్ల, గొట్టాల్లో ఉండే క్రిమి అని తేలింది. ఆనంద్ ఆ మాట దాచలేదు.

"ఇది బయటి నుంచి వచ్చింది కాదమ్మా. మా ఆసుపత్రిలోదే. ముందు పెట్టిన గొట్టం ద్వారానే పోయి ఉండొచ్చు."

"అయితే ఆ పొద్దు ఇంటికి పిల్చుకుపోయింటే ఇది వచ్చిండేది కాదా?"

"ఏమో. అప్పటికే లోపల ఉండి ఉండొచ్చు. అట్లా ఉంటే ఇంటికెళ్లిన నాలుగైదు రోజులకే పోయేవాడు. లేదంటే మీరన్నట్టు రాకనే పోయేదేమో. నిజంగా నాకు తెలీదు."

వేణు కొత్త మందుల చీటీ అందుకుని షాపుకు పోయాడు. కొండమ్మ మాత్రం వారం తర్వాత మొదటిసారి కోడలితో మాట్లాడింది. "నువ్వే ఆపితివి" అంది, అంతే.

ఆ రోజుల్లో తిన్నదీ, పడుకున్నదీ యశోదకు గుర్తులేదు. తను ఆపినందువల్ల బతికి ఉన్నాడా, తను ఆపినందువల్ల చచ్చిపోతున్నాడా? ఒక గంట ఒకటి నిజమనిపించేది, ఇంకో గంట ఇంకోటి. ఒంటికి మళ్లీ కొట్లాడే శక్తి పుట్టించే మందేమైనా ఉందా అని డాక్టరును అడిగింది. పెద్ద పెద్ద చోట్ల వెతుకుతున్నారట, ఇంకా ఏదీ నిలబడలేదట. చేయగలిగిందల్లా కొత్త క్రిమి చేరకుండా చూడడం, ఉన్నదాన్ని మందుతో అణచడం, ముక్కులోని గొట్టంతో గంజి, గుడ్డు, పాలు పోస్తూ ఒళ్లు తనంతట తాను మేలుకునేదాకా ఆగడం. చౌడేశ్వరి ప్రతి మనిషినీ మోచేతుల దాకా కడుక్కోమనేది. యశోద కడుక్కుని కడుక్కుని వేళ్ల సందులు ఒలిసిపోయాయి.

ఆసుపత్రికి వచ్చిన ఇరవై ఒకటో రోజు, మధ్యాహ్నం భోజనాల వేళ, చౌడేశ్వరి థర్మామీటరు తీసి చూసి, దులిపి, మళ్లీ పెట్టి చూసింది. నూట ఒకటిన్నర.

కొండమ్మ గోడకు చేరగిలపడి ఏడ్చింది. "మళ్లా మొదలాయెనే" అంది. వేణు తల పట్టుకున్నాడు. యశోదకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పది రోజులుగా ఏది కోరుకోవాలని ఆ డాక్టరు నేర్పాడో అదే వచ్చింది. ఆయన దగ్గరికి దాదాపు పరిగెత్తింది.

"జ్వరం వచ్చింది సార్! మంచిదే కదా?"

ఆనంద్ వెంటనే అవుననలేదు. "రెండు రకాలుగా అనుకోవచ్చు. ఒళ్లు మేలుకుంది అనుకోవచ్చు. ఇంకో క్రిమి దిగింది అనుకోవచ్చు. పరీక్షకు పంపిస్తున్నా."

యశోదకు ఆ క్షణాన ఆయన మీద వచ్చినంత కోపం జీవితంలో ఎవరి మీదా రాలేదు. లేకపోతే చెడ్డది, వస్తే మంచిదో కాదో తెలీదు. "ఏదో ఒకటి చెప్పు సార్" అంది. "అబద్ధమైనా చెప్పు."

ఆయన చెప్పలేదు. రెండు రోజుల తర్వాత ఫలితాలొచ్చాయి. కొత్త క్రిమి ఏదీ దొరకలేదు. మూడు వందలున్న కణాలు ఏడు వందల యాభై అయ్యాయి. అదే రోజు కాలికి కట్టు మారుస్తుంటే, మూడు వారాలుగా తెల్లగా, చచ్చిన మాంసంలా పడి ఉన్న పుండులో కొత్త ఎర్రటి కండ కనిపించింది. దూది తగలగానే రక్తం చిమ్మింది, సుబ్బరాయుడు మంచం అదిరేటట్టు కాలు గుంజుకున్నాడు. చౌడేశ్వరి యశోద వైపు చూసి నవ్వింది. ఆ తర్వాత మూడు రోజులకు గొట్టం తీశారు.

కానీ మెలకువ వచ్చిన మనిషి యశోదను గుర్తుపట్టలేదు. చూసి కన్నీళ్లు పెట్టుకున్నాడు.

"ఏమయ్యా, ఏంటికేడుస్తావు? నేను ఈడే ఉండాను కదా."

"మా యశోద పోయింది" అన్నాడు బొంగురుపోయిన గొంతుతో. "బోరులో పడిపాయ. పైపులు లాగి లాగి చేతులు కట్టేసినారు నాకి. పట్టుకోలేకపోయినా."

"నేనే యశోదని."

ఆయన చాలాసేపు ఆమె మొహం వెతికాడు. "అట్లనే ఉండావు" అన్నాడు. "అచ్చం ఆయమ్మ మాదిరే ఉండావు."

గొట్టాలు పీక్కుంటాడని కొన్నాళ్లు చేతులు మంచానికి కట్టిన మాట నిజమే. మిగిలిందంతా ఎక్కడిదో తెలియదు. ఇంత పెద్ద జబ్బు చేసినవాళ్లకు ఇలా అవుతుంది, సర్దుకుంటుంది అన్నాడు డాక్టరు. తొమ్మిది రోజులు యశోద తన మొగుడి ముందు చనిపోయిన మనిషిగా తిరిగింది. తను పోయినందుకు ఆయన పడే దుఃఖాన్ని తనే ఓదార్చింది. ఒక రోజు పొద్దున మామూలుగా, "శ్రావ్య స్కూలుకి పోతాండాదా యశోదా?" అని అడిగాడు. ఆ రోజు కొండమ్మ కోడలికి టిఫిన్ తెచ్చి, పక్కన పెట్టి, "తిను" అంది.

ముప్పై ఆరో రోజున ఇంటికి తీసుకుపోయారు. వేణు రెండు రెక్కలూ పట్టుకుని వ్యాను ఎక్కించాడు. డెబ్బై కిలోల మనిషి నలభై తొమ్మిదికి వచ్చాడు. ఇంటికి చేరితే కథ అయిపోయిందని యశోద అనుకుంది. అదీ అలా కాలేదు. మరుసటి వేసవిలో నడుముచుట్టూ సర్పి లేచి నెల రోజులు నిద్రపోనివ్వలేదు. చిన్నప్పుడు వచ్చిన అమ్మవారి క్రిమే ఇన్నేళ్లూ నరంలో దాగి ఉండి లేచిందన్నాడు ఆనంద్. వానాకాలంలో నిమ్ము చేసి మళ్లీ వారం ఆసుపత్రి. జ్వరమెరగని మనిషికి వీధిలో ఎవరు దగ్గినా అంటుకునేది. రెంచీ ఎత్తితే చేతులు వణికేవి. తెలిసిన పల్లెకు పోతూ దారి మధ్యలో మోపెడ్ ఆపి, ఎటు పోవాలో తెలియక నిలబడేవాడు. "హిందూపురంలో నా కొడుకులో ఏందో తీసేసినారు" అనేది కొండమ్మ. పిచ్చిమాటని అందరూ నవ్వారు. యశోదకు అంతకంటే సరైన మాట ఇంకెవరూ చెప్పలేదనిపించింది.

2008లో ఆనంద్ బెంగుళూరుకు వెళ్లిపోయాడు. ఆయన స్థానంలోకి వచ్చిన డాక్టరు ఫైలు చివరి కాగితం చూసి, "పూర్తిగా నయమైందని రాశారు కదమ్మా, ఇంకేంటి?" అన్నాడు. యశోద ఫైలు తీసుకుని వచ్చేసింది.

ఆ ఏడే పంచాయతీ వాళ్లు సుబ్బరాయుడికి ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గర మోటారు వేసి ఆపే పని ఇచ్చారు. బరువెత్తక్కర్లేదు. వేళలు మరిచిపోకుండా శ్రావ్య ఒక అట్ట మీద రాసి స్విచ్చుబోర్డు పక్కన మేకుకు తగిలించింది. కుదురుకున్నాడు. పంపు చెడిపోతే కొత్తగా వచ్చిన మెకానిక్కులు ఆయన దగ్గరికి వచ్చి అడిగి పోయేవాళ్లు. వాషరు శబ్దం విని రోగం చెప్పగలడు ఇప్పటికీ.

ఒక ఆదివారం మధ్యాహ్నం ట్యాంకు నీడలో ఇద్దరూ కూర్చుని సెనక్కాయలు వలుచుకుంటున్నారు. "ఆ నెలంతా ఏం జరిగిందో వరసగా చెప్పు" అన్నాడు సుబ్బరాయుడు. అంతకుముందు ఎప్పుడూ అడగలేదు.

యశోద మొదటినుంచి చెప్పింది. జ్వరం రావడం, తగ్గడం, తగ్గినందుకు డాక్టరు భయపడడం, సూదికి బొబ్బ రాకపోవడం, వ్యాను, చల్లటి చీము, మళ్లీ గొట్టం, జ్వరం వచ్చినప్పుడు కొండమ్మ ఏడవడం, తను పరిగెత్తడం. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి, "వ్యాను పంపించింది మంచిదో కాదో నాకి ఇప్పటికీ తెలీదు" అంది.

సుబ్బరాయుడు ఒలిచిన గింజలు చేతిలో పట్టుకుని అలాగే విన్నాడు.

"నువ్వు బోరులో పడిన సంగతి దీనికంటే బాగా నమ్మేటట్టు ఉండాది" అన్నాడు చివరికి. హాస్యానికి అన్నట్టు లేదు.

"నేను పడలేదు."

"తెలుసులే" అన్నాడు. "అయినా ఒక్కోతూరి నువ్వు ఇంట్లో కనపడకుంటే యాడ పోయినావోనని వెతుక్కుంటాను."

ఆయన గింజలు ఆమె దోసిట్లో పోసి, మోటారు ఆపడానికి లేచాడు.